పడవ ఎక్కేముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

(ఆదివారం మన కలయికలో చేసిన ప్రసంగం. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం మాట్లాడినట్టుగానే రాసి పెడుతున్నాం. మీ రూమ్ వాళ్లకు పంపండి.)



వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజూ నిద్ర మానుకుని డార్మిటరీల నుంచి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఈరోజు జీతాల గురించో పర్మిట్ గురించో మాట్లాడను. నీళ్ల గురించి మాట్లాడతాను.

మనలో చాలామందికి ఇక్కడ పడవతో పని పడుతుంది. కొందరు కంపెనీ లాంచ్ ఎక్కి, లంగరు వేసిన ఓడల మీదికి పనికి వెళ్తారు. కొందరు ఆదివారం చాంగి పాయింట్ నుంచి బమ్‌బోట్‌లో పులావ్ ఉబిన్ వెళ్తారు. కొందరు నలుగురైదుగురు కలిసి డబ్బులు వేసుకుని, తెలిసినవాళ్ల పడవలో చేపలు పట్టడానికి వెళ్తారు. ఈస్ట్ కోస్ట్‌లో కయాక్ అద్దెకు తీసుకునే కుర్రాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎంతమందికి ఈత వచ్చో మీకే తెలుసు.

నేను చెప్పబోయేదంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. బయలుదేరే టైముకి ఆకాశం ఎలా ఉందో అందరూ చూస్తారు. తిరిగొచ్చే టైముకి గాలీ నీరూ ఎలా ఉంటాయో చూసేవాళ్లు తక్కువ. ప్రమాదం ఎక్కువగా ఆ రెండోదాంట్లోనే ఉంటుంది. మిగతాదంతా అది ఎలా చూసుకోవాలన్నదే.

ఒకటి: ఆకాశం

సింగపూర్‌లో చలికాలం, ఎండాకాలం లేవని మనం అంటాం కానీ, గాలి కాలాలు మాత్రం ఉన్నాయి. డిసెంబరు నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఈశాన్య రుతుపవనం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. ఈ రెంటి మధ్య, అంటే మార్చి చివర నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో గాలి తక్కువ, ఉరుములు ఎక్కువ.

దీన్ని పడవ లెక్కలోకి మార్చుకోవాలి. ఏప్రిల్, మే, అక్టోబరు, నవంబరు నెలల్లో పొద్దున తొమ్మిదింటికి ఆకాశం అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక నేల వేడెక్కి మబ్బు పైకి లేస్తుంది. రెండు, మూడు, నాలుగు గంటలకు పిడుగులతో వాన. మనం తిరిగొచ్చేది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఆ నెలల్లో వెళ్తే పొద్దున్నే వెళ్లి, భోజనం వేళకు ఒడ్డున ఉండేలా చూసుకోండి.

నైరుతి కాలంలో ఇంకో రకం ఉంది. దాన్ని ఇక్కడివాళ్లు సుమత్రా స్క్వాల్ అంటారు. సుమత్రా దీవి మీదో మలాక్కా జలసంధిలోనో మబ్బులు వరుస కట్టి, పడమర నుంచి మన మీదికి వస్తాయి. ఎక్కువసార్లు తెల్లవారుజామునో పొద్దున పూటో వస్తుంది. వాన రాకముందే చల్లటి గాలి ఒక్కసారిగా కొడుతుంది. వేగం గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వాన గంటా రెండు గంటల్లో అయిపోతుంది, కానీ చిన్న పడవను తిరగేయడానికి ఆ మొదటి పది నిమిషాలు చాలు. 2024 సెప్టెంబరు 17న వచ్చినది సాయంత్రం పూట వచ్చింది. గాలి 80 కిలోమీటర్లు దాటింది, చాలాచోట్ల చెట్లు కూలాయి. 1984 ఏప్రిల్ 25న తెంగాలో 144.4 కిలోమీటర్ల గాలి నమోదైంది. ఈ దేశంలో నమోదైన అతి పెద్ద గాలి అదే. తుపానులు లేని దేశం కదా అని ధీమాగా ఉండకండి.

డిసెంబరు, జనవరి నెలల్లో వాన రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు విడవకుండా పడుతుంది. గాలి కూడా బలంగా ఉంటుంది. ఆ రోజుల్లో చాంగి వైపు నీరు గరుగ్గా ఉంటుంది. అలాంటి వారం సరదా ప్రయాణం మానేయడమే.

మరి ముందే తెలుసుకోవడం ఎలా? ఫోన్‌లో మై ఈఎన్‌వీ యాప్ పెట్టుకోండి, ఖర్చు లేదు. అందులో రెండు గంటల అంచనా, 24 గంటల అంచనా, నాలుగు రోజుల అంచనా ఉంటాయి. ముందురోజు రాత్రి 24 గంటలది చూడండి. జెట్టీ దగ్గర నిలబడి రెండు గంటలది చూడండి. ఇంకో చిట్కా. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో వాన రాడార్ బొమ్మ ఉంటుంది. అందరూ దగ్గరి ప్రాంతం బొమ్మే చూస్తారు. అందులో సింగపూర్ మీద ఏమీ లేకపోతే బాగుందనుకుంటారు. 240 కిలోమీటర్ల బొమ్మ కూడా తెరవండి. పడమర పక్కన ఎర్రటి గీత మన వైపు కదులుతుంటే, మీరు నీళ్ల మీద ఉండే టైముకి అది మీ దగ్గరికి వస్తుందన్నమాట.

ఫోన్ లేకపోయినా కళ్లూ చెవులూ ఉన్నాయి. మెరుపు కనబడగానే ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఉరుము ముప్పై సెకన్లలోపు వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉంది. పడవ ఎక్కకండి. ఎక్కి ఉంటే దగ్గర ఒడ్డుకు పోనివ్వమని చెప్పండి. క్రేన్ సైటులో పనిచేసేవాళ్లకు ఇది కొత్త కాదు. మెరుపు అలర్ట్ వస్తే లిఫ్టింగ్ ఆపేస్తారు కదా? నీళ్ల మీద చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన వస్తువు మీ పడవే, అందులో నిలబడ్డ మనిషే.

రెండు: గాలి ఎటు వీస్తోంది

గాలి ఎంత ఉందన్నది ఒక ప్రశ్న. ఎటు వీస్తోందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

సముద్రం నుంచి ఒడ్డుకు వీచే గాలి అలల్ని లేపి మనల్ని భయపెడుతుంది, కానీ ఒడ్డుకే తోస్తుంది. నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి వేరు. అది వీస్తున్నప్పుడు ఒడ్డున నీరు చెరువులా నున్నగా ఉంటుంది. ధైర్యంగా దిగుతాం. లోపలికి వెళ్లేకొద్దీ అల పెరుగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు దూరంగా జరిగి ఉంటుంది.

2019 ఆగస్టులో మలేషియాలోని మెర్సింగ్ తీరంలో ఇలాంటి విషాదం జరిగింది. సింగపూర్ నుంచి బృందంగా కయాక్‌ల మీద వెళ్లినవాళ్లలో ఇద్దరు విడిపోయారు. అది నైరుతి కాలం, అక్కడ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. ఆ కాలపు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. రెండు దేశాల వాళ్లూ రోజుల తరబడి వెతికారు. చివరికి ఇద్దరూ ప్రాణాలతో దొరకలేదు. మృతదేహాలు దొరికింది చాలా ఉత్తరాన, తెరెంగాను సముద్రంలో. బృందంగా వెళ్లామన్న ధైర్యం గాలి ముందు చాలదు.

మన సింగపూర్ దక్షిణ తీరానికి ఈశాన్య గాలి కాలంలో ఇదే వర్తిస్తుంది. గాలి వీపు మీద తగులుతూ, ఎదురుగా నీరు నున్నగా ఉంటే అనుమానించండి. జెండా ఎటు ఎగురుతోందో చూడండి. మన ముందు ఉన్నది ఖాళీ సముద్రం కూడా కాదు. ప్రపంచంలోని పెద్ద ఓడల దారుల్లో ఒకటి అది. పెద్ద ట్యాంకరు మనల్ని చూసినా వెంటనే ఆగలేదు, దానికి కిలోమీటర్ల దూరం కావాలి. ఆ దారి దాటితే ఇండోనేషియా నీళ్లు. గాలికి కొట్టుకుపోయి హద్దు దాటినా, అటువైపు వాళ్లు పాస్‌పోర్టు అడుగుతారు. పర్మిట్ మీద బతికేవాళ్లం, ఆ చిక్కు మనకెందుకు?

మూడు: పోటు, పాటు

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఈ మాటలు చెప్పనక్కర్లేదు. నీరు ఎక్కితే పోటు, తగ్గితే పాటు. తెలంగాణ తమ్ముళ్ల కోసం చెప్తున్నా: సముద్రంలో నీటి మట్టం రోజుకు సుమారు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఎక్కడానికి దాదాపు ఆరు గంటలు, దిగడానికి ఆరు గంటలు. రోజూ ఒకే టైముకి రాదు, ఇవాళ్టికన్నా రేపు ముప్పావుగంట, గంట ఆలస్యంగా వస్తుంది.

తీరం వాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు ప్రాంతంలో ఉంటుంది. సింగపూర్‌లో పెద్ద పోటు రోజుల్లో రెండున్నర, మూడు మీటర్ల దాకా పోతుంది. ఊరి అలవాటుతో ఇక్కడి నీటిని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు తేడా అన్నిటికన్నా ఎక్కువ. అష్టమి, నవమి రోజుల్లో తక్కువ. ఇంట్లో అమ్మ క్యాలెండర్ చూసి ఫోన్‌లో చెప్పే తిథి ఇక్కడ కూడా పనికొస్తుంది.

ఆ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో కదలదు. తేడా 2.4 మీటర్లు అనుకుందాం. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో భాగం 20 సెంటీమీటర్లు. మొదటి గంటలో 20, రెండో గంటలో 40, మూడు, నాలుగు గంటల్లో 60 చొప్పున, ఐదో గంటలో 40, చివరి గంటలో 20. సగం నీరు మధ్య రెండు గంటల్లోనే కదిలిపోతుంది. నీటి ఒరవడి మామూలుగా అప్పుడే ఎక్కువ.

దీనివల్ల జరిగేది ఏంటి? ఉబిన్ తూర్పు కొసన చెక్ జావా చూసినవాళ్లకు తెలుసు. పోటు మీద ఉన్నప్పుడు అక్కడంతా నీరే. మట్టం అర మీటరు కన్నా తగ్గితే నేల బయటపడుతుంది. చేపల కోసం అలాంటి నిస్సార నీటిలోకి పోటు మీద పడవ తీసుకెళ్లి, రెండు గంటలు గాలం వేసి కూర్చుంటే, తిరిగొచ్చేటప్పుడు పడవ బురదలో ఉంటుంది. మెట్ల జెట్టీ దగ్గర ఎక్కేటప్పుడు సమంగా ఉన్న పడవ, దిగేటప్పుడు రెండు మీటర్లు కిందికి ఉంటుంది. పాచి పట్టిన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకోవడానికి తుపాను అక్కర్లేదు.

పోటు టైములు వాతావరణ శాఖ, ఓడరేవు అథారిటీ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. వెళ్లే టైము, వచ్చే టైము, రెండూ ఆ పట్టికలో ఎక్కడ పడుతున్నాయో చూడండి.

నాలుగు: ప్రవాహం

పోటు పట్టిక నీటి ఎత్తు చెప్తుంది. నీరు ఎటు, ఎంత వేగంగా పారుతోందో చెప్పదు. దీవుల మధ్య ఇరుకు సందుల్లో నీరు కాలువలా పారుతుంది. సిస్టర్స్ దీవుల దగ్గర ప్రవాహం బలమైనదని పేరు. ఇంకో సంగతి, సింగపూర్ జలసంధిలో పోటు నిండిన టైమూ ప్రవాహం ఆగే టైమూ ఒకటే అనుకోవడానికి వీల్లేదు. నీరు నిండింది, ఇక పారదు అనుకుని దూకితే లాక్కుపోతుంది.

ఒక చిన్న లెక్క చెప్తాను. మీరు గంటకు 5 కిలోమీటర్లు తెడ్డు వేయగలరు. ప్రవాహం 3 కిలోమీటర్లు. దాని వెంట వెళ్తే గంటలో 8 కిలోమీటర్లు పోతారు. ఎంత తేలిగ్గా వచ్చేశాం అనుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు అదే ప్రవాహం ఎదురైతే మీ వేగం 2 కిలోమీటర్లే. గంటలో వెళ్లిన దారి రావడానికి నాలుగు గంటలు. నాలుగు గంటలు ఆపకుండా తెడ్డు వేసే చేతులు ఎవరికి ఉన్నాయి? అందుకే వెళ్లేటప్పుడు సులువుగా ఉంటే అప్పుడే జాగ్రత్తపడాలి. కుదిరితే వెళ్లేటప్పుడు ఎదురీదండి, వచ్చేటప్పుడు నీరే తెస్తుంది.

ప్రవాహం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. జెట్టీ మీద నిలబడండి. లంగరు వేసిన పడవల ముక్కు ఎటు ఉందో చూడండి. గాలి తక్కువగా ఉంటే అవి ప్రవాహానికి ఎదురుగా తిరిగి ఉంటాయి. స్తంభాల దగ్గర నీరు చీలి తోక కడుతోందా, బోయా ఒక పక్కకి ఒరిగిందా చూడండి. తర్వాత ఒక ఎండుటాకు వేయండి. అది పది మీటర్లు ఎన్ని సెకన్లలో పోయిందో లెక్కపెట్టండి. పది సెకన్లలో పోతే ప్రవాహం గంటకు మూడున్నర కిలోమీటర్ల పైనే, అంటే సరంగుల భాషలో రెండు నాట్లు. తెడ్డు పడవకూ ఈతకూ అది చాలా ఎక్కువ. ఇరవై సెకన్లు పడితే ఒక నాటు.

గాలి ఒకవైపు, ప్రవాహం దానికి ఎదురుగా ఉన్నప్పుడు అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. అదే గాలి, అదే పడవ, గంట క్రితం బాగానే ఉంది. ప్రవాహం మళ్లగానే ముక్కు నుంచి నీళ్లు కొడతాయి. తిరుగు ప్రయాణంలో జనం కంగారుపడి ఒకే పక్కకి జరగడం, పడవ ఒరగడం ఇలాంటప్పుడే జరుగుతుంది.

ప్రవాహం విలువ మనవాళ్లకు గోదావరి నేర్పింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక బోటు మునిగింది. అదీ ఆదివారమే. నదికి వరద ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగానికి పైగా ఇంటికి చేరలేదు. ఐదు వారాలకు, అక్టోబరు 22న, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి లాగింది. ఎక్కినవాళ్లకు అక్కడి సుడి గురించి తెలియదు. తెలుసుకోవాల్సింది ఎక్కేముందు, అడగాల్సింది నడిపేవాణ్ణి.

ఐదు: వద్దు అనడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నేర్చుకోవచ్చు. కష్టమైనది ఇది.

నలుగురూ డబ్బులు వేశారు. బిర్యానీ కట్టించారు. ఒకడు ఓటీ వదులుకున్నాడు. ఇంకొకడు వచ్చేవారం ఊరెళ్తున్నాడు, మళ్లీ కలవడు. జెట్టీ దగ్గరికి వచ్చాక పడమర నల్లగా కనబడింది. ఎవడు వద్దంటాడు? అంటే పిరికివాడంటారు, డబ్బు ఎవరిస్తారంటారు. అందుకని అందరూ ఊరుకుంటారు. అందరూ ఊరుకున్నారు కాబట్టి పర్వాలేదనుకుని అందరూ ఎక్కుతారు.

దీనికి మందు ముందురోజే వేసుకోవాలి. డబ్బులు వసూలు చేసేటప్పుడే మూడు మాటలు అనుకోండి. ఒకటి, ఏం కనబడితే ఆగిపోతాం: ఉరుము వినబడితే, యాప్‌లో తిరుగు టైముకి పిడుగుల వాన ఉంటే, లైఫ్ జాకెట్లు తక్కువుంటే. రెండు, ఆగిపోతే ఏం చేస్తాం: బిర్యానీ పార్కులో తింటాం, తేక్కా వెళ్తాం, క్రికెట్ ఆడతాం. మూడు, ఏ ఒక్కడు వద్దన్నా అందరం ఆగుతాం, అతణ్ణి ఎగతాళి చేయం. వెళ్లకపోవడానికి కూడా ఒక ప్లాన్ ఉంటే వద్దు అనడం సులువవుతుంది.

ఉబిన్ బమ్‌బోట్ మామూలుగా పన్నెండు మంది నిండాక కదులుతుంది. సరంగు ఇప్పుడు పోను, వాన తగ్గాక పోతానంటే వాదించకండి. రోజూ ఆ నీటి మీద తిరిగే మనిషి ఆగాడంటే కారణం ఉంటుంది. తెలిసినవాళ్ల పడవైతే లైసెన్సు ఉందా, ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. పదో మనిషి మన వాడే కదా అని ఎక్కించకండి.

కంపెనీ లాంచ్ మీద వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నా. మీకు ప్రమాదం ఎక్కువ ఉన్నది లాంచ్ నుంచి ఓడ నిచ్చెన పట్టుకునే ఆ రెండు సెకన్లలో. అల మీద లాంచ్ పైకీ కిందికీ ఊగుతుంటే కాలు నలిగిపోతుంది. అల తీరు చూసి, లాంచ్ మనిషి సైగ చేశాకే కదలండి. చేతిలో టూల్ బ్యాగ్ పెట్టుకుని దూకకండి, దాన్ని తాడుతో లాగించండి. ఊపు ఎక్కువగా ఉంటే సూపర్‌వైజరుకు అక్కడే చెప్పండి. “సర్, వేవ్ ఎక్కువుంది, వెయిట్ చేద్దాం” అంటే చాలు. టూల్ బాక్స్ మీటింగులో పొద్దున్నే అడగండి: తిరుగు లాంచ్ ఎన్నింటికి, అప్పుడు వాతావరణం ఏంటి? నలుగురి ముందు అడిగిన ప్రశ్నను పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం.

చివరగా, వెళ్లేముందు ఒడ్డున ఉన్న ఒక మనిషికి మెసేజ్ పెట్టండి. చెప్పిన టైముకి గంట దాటినా మీరు రాకపోతే, ఫోన్ ఎత్తకపోతే, అతను 999కి ఫోన్ చేయాలి. ఆ మెసేజ్ ఎలా ఉండాలో కింద ఇస్తున్నాం. దాచుకోండి, ఖాళీలు నింపి పంపండి.

మేము ___ మందిమి. పేర్లు: ___
ఎక్కే జెట్టీ: ___ పడవ నంబరు: ___
వెళ్లే చోటు: ___
బయలుదేరే టైము: ___ తిరిగొచ్చే టైము: ___
తిరిగొచ్చే టైముకి యాప్‌లో వాతావరణం: ___
ఆ టైముకి పోటా, పాటా: ___
లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా: ___
___ గంటల కల్లా మా నుంచి కబురు రాకపోతే 999కి ఫోన్ చెయ్యి.

ఇందులో ఒక్క ఖాళీ నింపలేకపోయినా ఆ ఆదివారం ఒడ్డునే ఉండండి. నీళ్లు ఎక్కడికీ పోవు, వచ్చేవారం కూడా అక్కడే ఉంటాయి. ఇంటి దగ్గర మీ ఫోన్ కోసం చూసేవాళ్లకు మీరు కావాలి.